దావోస్ స్పెంగ్లర్ కప్ వందేళ్ల కథ ఎవరైనా చెప్తారా?

తెనాలి_గోల్‌పోస్ట్

అందరికీ నమస్తే. దావోస్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది జనవరిలో జరిగే ఆర్థిక సదస్సు. మన ముఖ్యమంత్రులు, మంత్రులు మంచులో కోట్లు వేసుకుని నిలబడ్డ ఫొటోలు, ఒప్పందాల వార్తలు. నేనూ అంతవరకే ఎరుగుదును. ఈమధ్య రాత్రిపూట వీడియోలు చూస్తుంటే అదే ఊళ్లో ఆడిన ఐస్ హాకీ మ్యాచ్ ఒకటి కంటపడింది. చెక్కతో కట్టిన పెద్ద పైకప్పు, కింద కిక్కిరిసిన జనం, పసుపు నీలం జెర్సీల్లో ఊరి టీమ్. అవతలి టీమ్ గుండెల మీద ఎర్ర మేపుల్ ఆకు. అది స్పెంగ్లర్ కప్ అట, 1923 నుంచి ఆడుతున్నారట.

నాకు మూడు సందేహాలు. ఈ స్పెంగ్లర్ ఎవరు? క్లబ్బుల టోర్నీలో కెనడా పేరుతో ఒక దేశం టీమ్ ఎందుకు ఆడుతోంది? ఇందులో గెలిచినవాళ్లు యూరప్ ఛాంపియన్లు అయినట్టేనా? ఇంగ్లిష్‌లో చదివితే అన్నీ స్కోర్లే కనిపిస్తున్నాయి. తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్తే సంతోషం.

క్విజ్_కోఠి

మూడో సందేహం నేను తీరుస్తాను. అవ్వరు. యూరప్ క్లబ్బుల అధికారిక టోర్నీ వేరు. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 1965-66 సీజన్ నుంచి 1996-97 దాకా యూరోపియన్ కప్ నడిపింది. మొదటి మూడు సార్లు చెకొస్లొవేకియా క్లబ్ జెడ్‌కేఎల్ బ్రనో గెలిచింది. ఆ తర్వాత దాదాపు అంతా మాస్కో సైన్యం క్లబ్ సీఎస్‌కేఏదే. మొత్తం 20 టైటిళ్లు, అందులో 1978 నుంచి 1990 దాకా వరసగా 13. సోవియట్ యూనియన్‌లో మంచి కుర్రాడు కనిపిస్తే సైన్యంలో చేర్చుకుని ఆ క్లబ్బుకి పంపేవాళ్లు. కోచ్ విక్టర్ తిఖొనోవ్ వాళ్లని ఏడాదిలో ఎక్కువ భాగం ఇళ్లకి దూరంగా క్యాంపులోనే ఉంచి ఆడించేవాడు. ఫెటీసోవ్, లారియొనోవ్, మకారోవ్, క్రుటోవ్, కసతొనోవ్ ఐదుగురూ ఒకేసారి ఐస్ మీదికి దిగితే అవతలివాళ్లకి పక్, అంటే ఆడే రబ్బరు బిళ్ల, దొరకడమే కష్టం.

సోవియట్ యూనియన్ కూలాక ఆ కప్పు ఎక్కువగా స్వీడన్, ఫిన్లాండ్ క్లబ్బుల చేతికొచ్చింది. తర్వాత యూరోపియన్ హాకీ లీగ్ అన్నారు, కొన్నాళ్లు ఛాంపియన్స్ కప్ అన్నారు. 2008-09లో ఛాంపియన్స్ హాకీ లీగ్ పెడితే జూరిచ్ టీమ్ గెలిచింది కానీ డబ్బు సమకూరక ఆ ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. మళ్లీ అదే పేరుతో 2014లో మొదలై ఇప్పటిదాకా నడుస్తోంది. కొత్త లీగ్‌లో తొలి విజేత స్వీడన్ క్లబ్ లులేయో. యూరప్ ఛాంపియన్ ఎవరని అడిగితే చెప్పాల్సిన పేరు ఆ లీగ్ విజేతది. స్పెంగ్లర్ కప్ పిలుపు మీద వచ్చి ఆడే టోర్నీ, అందులో పాయింట్లకీ ర్యాంకులకీ లెక్క లేదు.

కూర్_రైలు_అక్క

క్విజ్ తమ్ముడు చెప్పిన లెక్కలన్నీ సరైనవే. ఆ చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగాలి. పిలుపు మీద ఆడేది కాబట్టి స్పెంగ్లర్ కప్ తక్కువ రకం అనుకుంటే ఆ కప్పు ఎందుకు పుట్టిందో మర్చిపోయినట్టే. ఎవరిని పిలిచారన్న దాంట్లోనే దీని కథంతా ఉంది.

నేను కూర్‌లో ఉంటాను, దావోస్ ఉన్న గ్రాబుండెన్ రాష్ట్రానికి అదే ముఖ్య పట్టణం. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డులో నర్సుని. అందుకే నాకు ఈ కప్పు కంటే ముందు దాని పేరులోని డాక్టరు పరిచయం. దావోస్ సముద్రమట్టానికి 1560 మీటర్ల ఎత్తున ఉంది. అలెగ్జాండర్ స్పెంగ్లర్ అని ఒక జర్మన్ యువకుడు 1848-49 తిరుగుబాటులో పాల్గొని, అది అణిగిపోయాక స్విట్జర్లాండ్ పారిపోయి వచ్చి డాక్టరు చదివి, 1853లో ఈ కొండ ఊరికి వైద్యుడిగా వచ్చాడు. ఇక్కడివాళ్లలో క్షయ కనిపించకపోవడం ఆయన గమనించాడు. మెల్లగా ఊరు ఊరంతా శానిటోరియంలు లేచాయి. రోగుల్ని దుప్పట్లు కప్పి బాల్కనీల్లో గంటల తరబడి చల్లగాలిలో పడుకోబెట్టేవాళ్లు. ఇప్పుడు హోటళ్లయిన పాత భవనాలకి దక్షిణం వైపు ఆ పొడవాటి బాల్కనీలు ఇంకా ఉన్నాయి. మా తాతయ్య మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో నెలల తరబడి ఉండి బతికి బయటపడ్డ మనిషి. మంచి గాలే మందు అన్న ఆ నమ్మకం ఎక్కడిదో నాకు ఈ బాల్కనీలు చూశాకే తెలిసింది.

అలెగ్జాండర్ కొడుకే కార్ల్ స్పెంగ్లర్. 1860లో పుట్టాడు, ఆయనా డాక్టరే, క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోక్ దగ్గర పనిచేశాడు, క్షయకి మందు కోసం జీవితమంతా వెతికాడు. 1923లో కప్పు బహూకరించింది ఈయనే. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఐదేళ్లు. ఓడిన దేశాలవాళ్లతో ఆడటానికి గెలిచిన దేశాలు సిద్ధంగా లేవు. 1920 ఒలింపిక్స్‌కి జర్మనీని పిలవలేదు, 1924లోనూ పిలవలేదు. ఆడే పిల్లలకి ఆడే చోటు లేదు. దావోస్‌లో మాత్రం అన్ని దేశాల రోగులూ పక్కపక్క మంచాల మీద ఉండేవాళ్లు. అలాంటి ఊరి డాక్టరుకి, జర్మన్ మాట్లాడే దేశాల టీమ్‌లని మిగతావాళ్లతో కలిపి ఒకే ఐస్ మీద ఆడించాలన్న ఆలోచన రావడంలో నాకు ఆశ్చర్యం అనిపించదు.

మొదటి ఏడాది కప్పు ఎత్తింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ. పేరుకి ఇంగ్లిష్ టీమ్, ఆటగాళ్లలో ఎక్కువమంది అక్కడ చదువుకుంటున్న కెనడా కుర్రాళ్లు. ఆ మరుసటి ఏడు చూడండి. 1924 మొదట్లో షామొనీలో తొలి శీతాకాల ఒలింపిక్స్ జరిగితే జర్మన్లకి చోటు లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో దావోస్‌లో కప్పు గెలిచింది బెర్లినర్ ఎస్‌సీ, బెర్లిన్ క్లబ్! 1926లో, 1928లో మళ్లీ వాళ్లే. ర్యాంకుల లెక్కలో ఇది పడదు నిజమే, కానీ ఆ రోజుల్లో బెర్లిన్ కుర్రాళ్లు ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లతో ఆడి చేతులు కలపడానికి వీలు కల్పించింది ఈ కప్పే.

దావోస్ సొంత టీమ్ తొలిసారి గెలిచింది 1927లో. ముప్పైల్లో వాళ్లకి గొప్ప ఫార్వర్డ్ త్రయం ఒకటి ఉండేది: బీబీ టొరియాని, అన్నదమ్ములు హాన్స్ కాటిని, పిక్ కాటిని. ఈరోజుకీ టోర్నీలో ఆరు టీమ్‌లని మూడేసి చొప్పున రెండు గ్రూపులు చేస్తే, ఒక గ్రూపు పేరు టొరియాని, రెండోది కాటిని. యుద్ధం రోజుల్లో 1941, 42, 43 మూడేళ్లూ దావోసే గెలిచింది. ఆ పాత బలం మళ్లీ రావడానికి చాలా కాలం పట్టింది. 1958లో గెలిచాక మళ్లీ ఊరివాళ్లు తమ కప్పు తాము ఎత్తింది 2000లో! 42 ఏళ్లు. ఏటా పండగ రోజుల్లో మన వాకిట్లోకి వచ్చి పారిస్‌వాళ్లు, ప్రాగ్‌వాళ్లు, మాస్కోవాళ్లు కప్పు పట్టుకుపోతుంటే చప్పట్లు కొడుతూ నిలబడ్డ తరం ఒకటుంది ఇక్కడ. ఆ వయసువాళ్లు మా వార్డుకి వస్తే వాళ్లకి నేను వేసే మొదటి ప్రశ్న ఇదే, 2000లో స్టేడియంలో ఉన్నారా అని. ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కూడా మొహం వెలిగిపోతుంది.

ఇక స్టేడియం. మొదట్లో అంతా ఆరుబయటే, సహజంగా గడ్డకట్టిన ఐస్ మీదే ఆట. 1979 ప్రాంతంలో ఆ చెక్క పైకప్పు వచ్చింది. తెనాలి తమ్ముడు వీడియోలో చూసింది అదే. లోపల కూర్చుంటే ఎత్తయిన దేవాలయ మండపంలో ఉన్నట్టుంటుంది, కానీ చప్పుడు భరించలేం. పక్ గోల్‌పోస్ట్‌కి తగిలితే ఇనుప గొట్టం మీద సుత్తి వేసినట్టు టంగుమంటుంది, ఆ చప్పుడు చెక్కకి తగిలి తిరిగొస్తుంది. పక్ ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి రబ్బరు బిళ్ల. ఐస్ మీద ఎగిరి గెంతకుండా మ్యాచ్‌కి ముందు దాన్ని ఫ్రీజర్లో పెడతారు. ఒకసారి అద్దం దాటి వచ్చి మా వరసలో పడితే మా అబ్బాయి చేతిలోకి తీసుకున్నాడు. రాయిలా గట్టిగా, వేళ్లు అంటుకుపోయేంత చల్లగా ఉంది. ఇది గంటకి నూట యాభై కిలోమీటర్ల వేగంతో వస్తే గోలీ, అంటే గోల్‌కీపర్, ఎదురు నిలబడతాడా అని వాడు చాలాసేపు దాన్నే తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

కెనడా సంగతి టొరంటోలో ఉన్నవాళ్లెవరైనా చెప్తే బాగుంటుంది.

తెనాలి_గోల్‌పోస్ట్

అక్కా, దండాలు. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకొక్కటి. పాత విజేతల పట్టికలో ఎల్‌టీసీ ప్రాగ్ పేరు 1946, 47, 48 వరసగా ఉంది. అంతకుముందు కూడా నాలుగు సార్లు ఉంది. 1948 తర్వాత ఆ క్లబ్ మళ్లీ కనపడదు. ఏమైంది?

కూర్_రైలు_అక్క

తమ్ముడూ, నువ్వు పట్టిక చూసి పట్టుకున్న ఆ ఖాళీ వెనక చాలా బాధ ఉంది. ఈ టోర్నీ గురించి ఎవరు అడిగినా నేను చెప్పకుండా వదలని కథ అదొక్కటే.

ఎల్‌టీసీ అంటే నిజానికి టెన్నిస్ క్లబ్, హాకీ టీమ్ కూడా ఉండేది. యుద్ధం తర్వాత యూరప్‌లో వాళ్లకి సాటి లేదు. చెకొస్లొవేకియా 1947లో ప్రపంచ ఛాంపియన్ అయింది, ఆ జట్టులో సగం మంది దాకా ఈ క్లబ్ మనుషులే. 1948 ఫిబ్రవరిలో ఆ దేశంలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. నవంబర్ 8న పారిస్ నుంచి లండన్ వెళ్తూ ఇంగ్లిష్ ఛానల్ మీద విమానం కనిపించకుండా పోయి జాతీయ జట్టు ఆటగాళ్లు ఆరుగురు చనిపోయారు. వాళ్లలో లాడిస్లావ్ ట్రోయాక్ ఎల్‌టీసీ ఆటగాడే. ఆ తర్వాత రెండు నెలలు నిండకుండానే మిగిలినవాళ్లు దావోస్ వచ్చి స్పెంగ్లర్ కప్ గెలిచారు. పక్కన నిలబడి ఆడినవాడు లేడు, ఇంటి దగ్గర ఏం జరుగుతోందో తెలీదు, అయినా గెలిచారు.

గెలిచాక హోటల్లో టీమ్ అంతా కూర్చుని మాట్లాడుకున్నారు. వెనక్కి వెళ్దామా, ఇక్కడే ఉండిపోదామా? ఓటు వేసుకున్నారు. వెళ్దాం అన్నవాళ్లే ఎక్కువ. అమ్మానాన్నలు, భార్యలు, పిల్లలు అక్కడే ఉన్నారు మరి. మిరోస్లావ్ స్లామా, జ్దెనెక్ మారెక్ ఇద్దరే ఆగిపోయారు. మిగతావాళ్లు రైలెక్కి ఇంటికెళ్లి, 1949లో దేశానికి ఇంకో ప్రపంచ కప్ తెచ్చిపెట్టారు.

1950 మార్చిలో లండన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. టీమ్ ప్రాగ్ విమానాశ్రయం దాకా వెళ్లింది. మీరు వెళ్లట్లేదు అని చెప్పి ఆపేశారు. రేడియో విలేకరులకి బ్రిటన్ వీసా ఇవ్వలేదన్నది బయటికి చెప్పిన కారణం. రెండు రోజుల తర్వాత ఆటగాళ్లు ప్రాగ్‌లో ఒక బీరు షాపులో కూర్చుని మండిపడుతుంటే పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. పారిపోవాలని పథకం వేశారన్నది అభియోగం. దావోస్ హోటల్లో జరిగిన ఆ మాటలు కూడా కేసులోకి వచ్చాయి. అక్టోబర్‌లో 12 మందికి శిక్షలు వేశారు. అందరికంటే ఎక్కువ గోల్‌కీపర్ బొహుమిల్ మోద్రీకి, 15 ఏళ్లు. యురేనియం గనుల్లో పని చేయించారు. 1955లో విడుదలయ్యాడు, 1963లో 46 ఏళ్లకి చనిపోయాడు.

తమంతట తాము వెనక్కి వెళ్లినవాళ్లని, దేశం విడిచి వెళ్లిపోవాలనుకున్నారని జైల్లో పెట్టారు. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. శత్రువుల్ని కలిపి ఆడించాలని ఒక డాక్టరు తలుపు తీసి పెడితే, ఆ తలుపు దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకున్నందుకు ఏళ్లకేళ్లు శిక్ష. దావోస్‌లో చెక్ టీమ్ ఆడినప్పుడల్లా, వాళ్ల అభిమానులు డోళ్లు మోగిస్తుంటే, నేను ఎవరి పక్షాన ఉన్నా వాళ్లకి కూడా చప్పట్లు కొడతాను.

ఆ దేశంతో బంధం అక్కడితో తెగిపోలేదు. అరవైల్లో స్పార్టా ప్రాగ్, డుక్లా యిహ్లావా, డెబ్బైల్లో స్లొవాన్ బ్రాటిస్లావా వచ్చి గెలిచాయి. లోకొమోటివ్ మాస్కో, స్పార్టక్ మాస్కో, లెనిన్‌గ్రాడ్ ఎస్‌కేఏ కూడా. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో సోవియట్ క్లబ్బులూ పశ్చిమ దేశాల టీమ్‌లూ ఏటా క్రిస్మస్ మర్నాడు ఒకే ఊళ్లో దిగి, అవే వీధుల్లో నడిచి, అదే ఐస్ మీద ఆడారు. ఎన్ని సమావేశాలు పెట్టినా అంత తేలిగ్గా కుదిరే పని కాదు. దావోస్ సదస్సు మొదలైంది 1971లో, అప్పటికి ఈ కప్పుకి 48 ఏళ్లు. మనవాళ్లు ఊరిపేరు చెప్పినప్పుడు ముందు ఈ కప్పు గుర్తొస్తే బాగుండునని నా కోరిక.

మేపుల్_మచిలీపట్నం

టొరంటో నుంచి. కెనడా సంగతి నేను చెప్తాను. 1984 నుంచి టీమ్ కెనడాని పిలుస్తున్నారు, వచ్చిన మొదటి ఏడే గెలిచింది. క్లబ్బుల మధ్య దేశం టీమ్ ఏమిటంటే, ఇది మామూలుగా ఎన్‌హెచ్‌ఎల్ (కెనడా, అమెరికాల పెద్ద హాకీ లీగ్) తారల జట్టు కాదు. ఆ సీజన్ నడుస్తుండగా వాళ్లని క్లబ్బులు వదలవు. స్విట్జర్లాండ్, జర్మనీ, స్వీడన్ లీగ్‌లలో ఆడుకుంటున్న కెనడియన్లని, ఇక్కడ రెండో అంచె లీగ్‌లో ఉన్నవాళ్లని వారం రోజుల కోసం ఏరి కూర్చే జట్టు. ముప్పై దాటినవాడు, ఎన్‌హెచ్‌ఎల్ కల ఎప్పుడో వదులుకున్నవాడు, ఇల్లు వదిలి పరాయి దేశంలో పదేళ్లుగా ఆడుతున్నవాడు, ఆ వారం మాత్రం దేశం జెర్సీ వేసుకుంటాడు. ఆ జెర్సీ వేసుకునే అవకాశం అలాంటివాళ్లలో చాలామందికి ఇంకెక్కడా రాదు. అందుకే ప్రాణం పెట్టి ఆడతారు.

2012లో మాత్రం ఎన్‌హెచ్‌ఎల్ లాకౌట్ వచ్చి, అంటే యజమానులు ఆట ఆపేసి, పెద్ద ఆటగాళ్లంతా ఖాళీ అయ్యారు. టవారెస్, బెర్జెరాన్, స్పెజా, సెగిన్ కెనడా తరఫున ఆడి ఫైనల్లో దావోస్‌ని ఓడించారు. దానికి ముందు 2004-05 లాకౌట్‌లో జో థార్న్‌టన్, రిక్ నాష్ దావోస్ క్లబ్‌కే ఆడారు, 2004లో కప్పు దావోస్‌కి వచ్చింది. 2019కల్లా కెనడా టైటిళ్లు 16 అయ్యాయి.

ఫైనల్ డిసెంబర్ 31న, దావోస్‌లో మిట్టమధ్యాహ్నం. అంటే మాకు ఉదయం ఆరు. పాత ఏడాది చివరి రోజు చీకట్లోనే లేచి కాఫీ పెట్టుకుని టీవీ ముందు కూర్చోవడం ఇక్కడ చాలా ఇళ్లల్లో ఆనవాయితీ. మా ఇంట్లో కూడా వచ్చేసింది, పిల్లలతో పాటు వాళ్ల అమ్మమ్మ కూడా లేస్తోంది. ఆవిడకి ఫైట్లు నచ్చవు, గోలీలు ఇష్టం.

క్విజ్_కోఠి

అక్కా, ఎల్‌టీసీ సంగతి నాకు తెలియదు. మీ మాట తర్వాత పట్టిక మళ్లీ తెరిచి చూశాను. యూరోపియన్ కప్‌లో 20 టైటిళ్లున్న సీఎస్‌కేఏ పేరు ఇక్కడ ఒక్కసారే కనిపించింది, 1991లో. సోవియట్ యూనియన్ రద్దయిన ఆ చివరి వారంలోనే.

కూర్_రైలు_అక్క

అవును తమ్ముడూ, గోర్బచేవ్ డిసెంబర్ 25న రాజీనామా చేశాడు, టోర్నీ ఆ మర్నాడు మొదలు. వచ్చినప్పుడు ఉన్న దేశం తిరిగి వెళ్లేటప్పటికి లేదు.

తెనాలి తమ్ముడికి చివరగా కొన్ని సంగతులు. కోవిడ్ వల్ల 2020లో, 2021లో టోర్నీ జరగలేదు. 2021లో అయితే అంతా సిద్ధమయ్యాక చివరి క్షణంలో ఆగింది. దావోస్ క్లబ్‌కి ఏడాది ఖర్చుల్లో పెద్ద భాగం ఈ ఆరు రోజుల రాబడి మీదే గడుస్తుంది కాబట్టి ఆ రెండేళ్లూ ఊళ్లో అందరికీ టెన్షనే. 2022లో మళ్లీ మొదలైతే అంబ్రీ-పియొట్టా గెలిచింది, దక్షిణాన కొండల్లో ఉన్న చిన్న ఊరి క్లబ్ అది. కప్పు పెట్టి వందేళ్లయిన 2023లో ఫైనల్ దావోస్‌కీ చెక్ క్లబ్ పార్దుబిట్సేకీ. దావోస్ 5-3తో గెలిచి 16వ టైటిల్‌తో కెనడాని అందుకుంది. 2024లో ఫ్రిబూర్ గొట్టెరాన్ అనే స్విస్ క్లబ్ గెలిచింది.

హైదరాబాద్ నుంచి చూడాలంటే ఫైనల్ సాయంత్రం నాలుగున్నరకి మొదలవుతుంది, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఎప్పుడైనా ఇటు వస్తే జూరిచ్ నుంచి లాండ్‌క్వార్ట్ దాకా మామూలు రైలు, అక్కడ దిగి ఎర్ర రంగు కొండ రైలు ఎక్కాలి, క్లోస్టర్స్ మీదుగా దావోస్ ప్లాట్జ్ వెళ్తుంది. ఫైనల్ టికెట్లు చాలా ముందే అయిపోతాయి. గ్రూపు మ్యాచ్‌లకి, ముఖ్యంగా 27, 28 తేదీల్లో దావోస్ ఆడని మ్యాచ్‌కి, ప్రయత్నిస్తే దొరుకుతుంది. నిలబడి చూసే టికెట్ చవక. లోపల కూడా చలి ఉంటుంది, రెండు జతల సాక్సులు వేసుకుని రా.